గీతల వాచీకి పేస్టు వైద్యం

వాచీ అద్దం మీద గీతలు పడితే టూత్‌పేస్టు రాసి రుద్దమని ఎవరైనా చెబుతారు. మాట నిజమే... కానీ అన్ని వాచీలకూ కాదు. పేస్టు పట్టుకునే ముందు ఆ అద్దం దేంతో చేశారో తెలుసుకోవాలి. అది తెలిస్తే బీరువాలో మసకబారి పడున్న వాచీని పావుగంటలో మళ్లీ చేతికి పెట్టుకోవచ్చు!

బీరువా అరలో, పట్టుచీరల మడతల పక్కన, పాత కళ్లద్దాల పెట్టెలో... చాలా ఇళ్లలో ఓ పాత వాచీ ఉంటుంది. తాతయ్య రిటైరైన రోజు ఆఫీసువాళ్లు ఇచ్చిందో, పెళ్లిలో మామగారు అల్లుడికి పెట్టిందో, పదో తరగతి ఫస్ట్‌క్లాసులో పాసైనందుకు నాన్న కొనిపెట్టిందో. కీ ఇస్తే ఇప్పటికీ టిక్కుటిక్కుమంటుంది. కానీ టైము చూద్దామంటే ముల్లు కనపడదు. అద్దం నిండా గీతలే. శుక్లం కమ్మిన కన్నులా ఉంటుంది.

'ఇంత మసక వాచీ ఎవరు పెట్టుకుంటారు' అని మళ్లీ పెట్టెలో పడేస్తాం. లేదంటే ఎవరో చెప్పారని టూత్‌పేస్టు రాసి రుద్దుతాం. కొందరికి అద్దం తళతళలాడుతుంది. కొందరికి చేతులు నొప్పిపుట్టడం తప్ప ఫలితం ఉండదు. ఇంకొందరికి ఉన్న గీతలకు కొత్త గీతలు తోడవుతాయి. పేస్టు ఒకటే, గుడ్డ ఒకటే, రుద్దిన చెయ్యీ ఒకటే. మరి తేడా ఎక్కడుంది? అద్దంలో!

మూడు రకాల అద్దాలు

వాచీ ముఖం మీద ఉండే పారదర్శకమైన మూతను తయారీదారులు క్రిస్టల్ అంటారు. మనం అద్దం అనేస్తాం. నిజానికి పాత వాచీల్లో చాలావాటికి ఉండేది అద్దం కాదు, ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్. 1930ల్లో మార్కెట్లోకి వచ్చిన ఈ ప్లాస్టిక్‌ను రెండో ప్రపంచయుద్ధంలో విమానాల కిటికీలకు వాడారు. గాజంత స్వచ్ఛంగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, దెబ్బ తగిలినా గాజులా పెంకులై చెదరదు. అందుకే వాచీల వాళ్లకీ నచ్చింది. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి దాకా తీసుకెళ్లిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ వాచీలకు ఉన్నదీ ఈ ప్లాస్టిక్ మూతే. అంతరిక్షనౌకలో గాజు పగిలి ముక్కలు గాల్లో తేలుతుంటే ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు.

మన దగ్గర ఈ ప్లాస్టిక్ అద్దాన్ని ఇంటింటికీ తెచ్చింది హెచ్‌ఎంటీ. 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిన ఈ ప్రభుత్వరంగ సంస్థ జనతా, పైలట్, సోనా, కాంచన్ లాంటి పేర్లతో కొన్ని తరాల చేతులకు గడియారాలు తొడిగింది. జనతా, పైలట్ లాంటి కీ ఇచ్చే వాచీల మీద గుమ్మటంలా ఉబ్బి ఉండే మూత ఆక్రిలిక్‌దే.

రెండోది మినరల్ గ్లాస్. పేరు గొప్పగా ఉన్నా ఇది అసలు సిసలు గాజే. కొన్ని కంపెనీలు దీన్నే మరింత గట్టిపరిచి వాడతాయి. సీకో వాళ్లు హార్డ్‌లెక్స్ అనేది అలాంటిదే. 1980ల్లో టైటాన్ రాకతో మన దగ్గర క్వార్ట్జ్ వాచీల జోరు పెరిగింది. వాటితోపాటే చదునుగా, పల్చగా ఉండే గాజు అద్దాలూ పెరిగాయి. ఇప్పుడు మధ్యతరగతి చేతులకు ఉండే వాచీల్లో ఎక్కువ వాటికి ఇదే ఉంటుంది.

మూడోది సఫైర్. అంటే నీలమే! ఉంగరంలో పొదిగే నీలం, కెంపు... రెండూ కురువిందం అనే ఒకే ఖనిజం. రంగు ఇచ్చే మలినాలు లేకుండా ప్రయోగశాలలో తయారుచేస్తే అది నీళ్లలా స్వచ్ఛంగా ఉంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఆగస్ట్ వెర్నాయ్ కృత్రిమంగా కెంపులు తయారుచేసే పద్ధతిని 1902లో లోకానికి వెల్లడించాడు. పాత వాచీల డయల్ మీద '17 జ్యుయెల్స్' అని రాసి ఉంటుందే, లోపలి చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే ఆ రాళ్లు కూడా ఇలా పుట్టిన కెంపులే. అదే ఖనిజాన్ని పెద్ద దిమ్మలుగా చేసి, పలకలుగా కోసి ఖరీదైన వాచీలకు అద్దంగా బిగిస్తున్నారు.

ఏది దేన్ని గీస్తుంది?

ఏ వస్తువు మీద ఏది గీత పెట్టగలదన్న లెక్క చాలా పాతది. 1812లో జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ పది ఖనిజాలను వరసపెట్టి కాఠిన్యానికి మార్కులు వేశాడు. అన్నిటికన్నా మెత్తనిదైన టాల్క్‌కు 1. వజ్రానికి 10. ఎక్కువ మార్కులున్నది తక్కువ మార్కులున్నదాన్ని గీస్తుంది. అంతే సూత్రం.

ఆ లెక్కన ఆక్రిలిక్‌కు వచ్చేది 3 లోపే. మామూలు గాజుకు ఐదున్నర. సఫైర్‌కు 9. మరి మన వీధిలో ఎగిరే దుమ్ములో ఉండే ఇసుకకు? 7! అదీ సంగతి. గాజు వాచీని చొక్కా అంచుతో తుడిచినప్పుడు గీతపడేది గుడ్డ వల్ల కాదు, దాని మీదున్న ఇసుక రేణువుల వల్ల. సిమెంటు గోడకు చెయ్యి రాసుకుంటే వాచీ మీద గీత పడటానికీ కారణం ఆ ఇసుకే. సఫైర్ వాచీకి ఇసుకతో భయం లేదు. అందుకే ఏళ్లు గడిచినా కొత్తదానిలా ఉంటుంది.

ఇప్పుడు టూత్‌పేస్టు దగ్గరికి వద్దాం. పళ్ల మీది గార వదలడానికి పేస్టులో మెత్తటి రాపిడి పొడి కలుపుతారు. చాలావాటిలో అది కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద లాంటిది. కొన్నింట్లో సిలికా. కాల్షియం కార్బొనేట్ కాఠిన్యం 3. ఆక్రిలిక్‌ను నెమ్మదిగా అరగదీయడానికి అది సరిగ్గా సరిపోతుంది. గాజు ముందు దాని ఆటలు సాగవు. సఫైర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకరికి తళతళ, ఇంకొకరికి చేతినొప్పి ఎందుకో అర్థమైందిగా!

గీత ఎక్కడికి పోతుంది?

పేస్టు వెళ్లి గీతలో కూరుకుపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. గీత అంటే ఒక సన్నటి కాలువ. నున్నటి అద్దంలోంచి తిన్నగా వెళ్లాల్సిన వెలుతురు ఆ కాలువ అంచుల దగ్గర చెదిరిపోతుంది. అదే మనకు తెల్లటి చారలా కనిపిస్తుంది. పాలిష్ చేయడమంటే కాలువను పూడ్చడం కాదు, చుట్టూ ఉన్న గట్టును కాలువ అడుగు దాకా అరగదీయడం. పెద్ద గీతల స్థానంలో చిన్న గీతలు, వాటి స్థానంలో ఇంకా చిన్నవి... అలా వెళ్తూ వెళ్తూ గీతలు కాంతి తరంగం కన్నా చిన్నవైపోతాయి. అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువ. అప్పుడవి వెలుతురును చెదరగొట్టలేవు. మన కంటికి అద్దం నున్నగా, స్వచ్ఛంగా కనిపిస్తుంది.

కొబ్బరినూనె రాస్తే గీతలు పోతాయనే చిట్కా కూడా ఉంది. నిజంగానే పోయినట్టు కనిపిస్తాయి. నూనె ఆ కాలువలో నిండి, కాంతిని దాదాపు ఆక్రిలిక్ వంచినట్టే వంచుతుంది కాబట్టి గీత కనపడదు. నూనె తుడిస్తే గీత మళ్లీ హాజరు! అయితే ఈ చిట్కా ఇంకోరకంగా పనికొస్తుంది. గీత మీద చిన్న నీటిబొట్టు వేసి చూడండి. గీత మాయమైతే అది పైపైనే ఉందని, రుద్దితే పోతుందని అర్థం. బొట్టు వేసినా స్పష్టంగా కనిపిస్తుంటే అది లోతైనదో, లోపలి పగులో అయ్యుంటుంది. పగులును ఏ పాలిష్ కూడా పోగొట్టలేదు.

మీ వాచీది ఏ అద్దం?

ముందు వాచీ వెనక మూత చూడండి. సఫైర్ అయితే ఆ మాట అక్కడే చెక్కి ఉండే అవకాశం ఎక్కువ. ఖరీదైన సరుకు కదా, కంపెనీ వాళ్లు చెప్పుకోకుండా ఉండరు. ఏమీ లేకపోతే గోటితో అద్దం మీద మెల్లగా తట్టండి. 'టప్' మని మొద్దు శబ్దం వస్తే ఆక్రిలిక్. 'టిక్' మని గాజుగ్లాసు మీద తట్టినట్టు మోగితే మినరల్ గ్లాస్ లేదా సఫైర్. చెంపకు ఆనించి చూసినా తెలుస్తుంది. గాజు చల్లగా తగులుతుంది. సఫైర్ ఇంకా చల్లగా. ప్లాస్టిక్ అంత చల్లగా ఉండదు.

ఆకారం కూడా ఆనవాలే. పక్కనుంచి చూస్తే బుడగలా ఉబ్బి, కేసు అంచులోకి దిగిపోయినట్టు ఉండే పాత వాచీ మూత చాలామటుకు ఆక్రిలిక్‌దే. పిల్లలు పెట్టుకునే చవక డిజిటల్ వాచీలకూ ప్లాస్టికే ఉంటుంది. ఇక అసలు గుర్తు గీతలే. సన్నటి గీతలు సాలెగూడులా అద్దమంతా అల్లుకుపోయి ఉంటే ఆక్రిలిక్. అక్కడక్కడా నాలుగు గీతలు, అంచున చిన్న పెచ్చు లేచి ఉంటే గాజు. పాతదైనా ఒక్క గీతా లేకపోతే సఫైర్.

పావుగంట పని

ఆక్రిలిక్ అని తేలిందా? అయితే పని మొదలుపెట్టొచ్చు. కావలసినవి తెల్లటి మామూలు టూత్‌పేస్టు, మెత్తటి పాత నూలుగుడ్డ, కాస్త టేపు. బొగ్గుపొడి, ఉప్పు, రవ్వలు కలిపిన పేస్టులు వద్దు. గుడ్డ ఉతికి ఆరేసినదై ఉండాలి. మూల పడున్న దుమ్ముగుడ్డ పనికిరాదు. దాంట్లో ఇసుక ఉంటుంది మరి!

• బెల్టు ఊడదీయండి. కీ తిప్పే మీటను లోపలికి నొక్కి ఉంచండి.

• అద్దాన్ని తడిగుడ్డతో తుడిచి దుమ్ము లేకుండా చేయండి. కుళాయి కింద మాత్రం పెట్టొద్దు. పాత వాచీల్లోకి నీళ్లు ఇట్టే వెళ్తాయి.

• అద్దం చుట్టూ ఉన్న లోహపు అంచును టేపుతో కప్పేయండి. మీట దగ్గర కూడా.

• శనగగింజంత పేస్టు అద్దం మీద వేసి, గుడ్డను వేలికి చుట్టుకుని గుండ్రంగా రుద్దండి. రెండు మూడు నిమిషాలు చాలు.

• గట్టిగా అదమొద్దు. పాత ఆక్రిలిక్ మూత కాస్త వంగుతుంది. అదిమితే లోపలి ముళ్లకు తగలొచ్చు, గాడిలోంచి ఊడి రావచ్చు.

• తడిగుడ్డతో తుడిచి, వెలుతురుకు అడ్డంగా వంచి చూడండి. గీతలు తగ్గుముఖం పట్టి ఉంటాయి. ఇలా నాలుగైదు సార్లు చేయండి.

• చివరగా పొడిగుడ్డతో మెరుగుపెట్టి, టేపు తీసి, అంచుల్లో ఇరుక్కున్న పేస్టును అగ్గిపుల్లకు చుట్టిన దూదితో శుభ్రం చేయండి. లేదంటే తెల్లగా గట్టిపడిపోతుంది.

మొదటిసారి చేసేవాళ్లు నేరుగా తాతగారి వాచీ మీదే ప్రయోగం చేయక్కర్లేదు. పిల్లల జామెట్రీ బాక్సులో గీతలుపడ్డ ప్లాస్టిక్ స్కేలు ఉంటుంది. ముందు దాని మీద చేయి తిప్పుకోండి. ఎంత ఒత్తిడి పెట్టాలో, ఎంతసేపు రుద్దాలో అంచనా వస్తుంది.

గోరు ఆగితే...

గీత మీద గోరు అడ్డంగా నడపండి. ఆగకుండా జారిపోతే టూత్‌పేస్టు చాలు. గోరు ఎక్కడో చిన్నగా తడబడితే కాస్త బలమైన మందు కావాలి. ఎన్‌సీసీ కుర్రాళ్లు బెల్టు బకిల్ మెరిపించే బ్రాసో, కార్ల పెయింటు మీద గీతలు పోగొట్టే రబ్బింగ్ పాలిష్ లాంటివి. వాటిలోని పొడి చాలా మెత్తగా ఉంటుంది, పని మాత్రం పేస్టు కన్నా వేగంగా అవుతుంది. అయితే బ్రాసోలో రసాయనాలూ ఉంటాయి. రెండు చుక్కలు గుడ్డకు అద్దుకుని రుద్దాలి, వెంటనే తుడిచేయాలి. అద్దం మీద పోసి నానబెట్టకూడదు. కిటికీ తెరిచి పెట్టుకోవాలి. ముఖ్యంగా బంగారు పూత ఉన్న కేసుకు అది తగలకూడదు. పూత చాలా పల్చన. నాలుగుసార్లు రుద్దితే కింద ఇత్తడి బయటపడుతుంది.

గోరు గట్టిగా ఆగిపోయేంత లోతు గీత అయితే హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే వాటర్‌పేపర్ అవసరం పడుతుంది. 1500 నంబరుతో మొదలుపెట్టి 2000కు వెళ్లాలి. నంబరు పెరిగేకొద్దీ పేపరు నున్నగా ఉంటుంది. పేపరును రెండు నీటిచుక్కలతో తడిపి, ముందు ఒకే దిశలో రుద్దాలి. నంబరు మార్చినప్పుడు దిశ కూడా మార్చాలి. పాత దిశ గీతలు పూర్తిగా పోయాయంటే తర్వాతి అంకానికి వెళ్లొచ్చన్నమాట. ఈ దశలో అద్దం మొత్తం తెల్లగా, గరుకుగా అయిపోతుంది. గుండె గుభేలుమంటుంది! కంగారు పడకండి. బ్రాసో, ఆ తర్వాత పేస్టు పడ్డాక తేటపడుతుంది. తొందరపడి డ్రిల్లు మిషనుకు గుడ్డ కట్టి తిప్పేవాళ్లూ ఉన్నారు. ఆ రాపిడికి వేడి పుట్టి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఆక్రిలిక్ నూరు డిగ్రీల దగ్గరే లొంగిపోయే రకం. చేత్తో చేయడమే క్షేమం.

గాజు మొండిఘటం

మీ వాచీది మినరల్ గ్లాస్ అయితే పేస్టు డబ్బాలు ఖాళీ చేసినా లాభం లేదు. జిడ్డు వదిలి కాస్త తేటగా కనిపిస్తుందంతే. గాజుకు మెరుగుపెట్టే అసలు మందు సీరియం ఆక్సైడ్ అనే పొడి. కళ్లద్దాలు, కెమెరా కటకాలు నున్నబడేది దీంతోనే. ఆ సీరియం మనకు కొత్తదేం కాదు. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా మన సముద్రతీరపు ఇసుకలో ఉండే మోనజైట్ ఖనిజంలో ఎక్కువగా ఉండేది అదే. ఈ పొడిని నీళ్లతో ముద్దలా కలిపి ఉన్నిబిళ్లతో రుద్దితే, రాపిడితోపాటు గాజు ఉపరితలంతో రసాయనికంగానూ చర్య జరిపి నున్నబరుస్తుంది. కానీ పైపై గీతలకే గంటల తరబడి ఓపిక కావాలి. లోతు గీతను తీయబోతే అక్కడ గుంటపడి, కింద అంకెలు వంకరగా కనిపిస్తాయి.

అందుకే గాజు అద్దానికి తేలికైన మార్గం మార్చేయడమే. బజారులో చిన్న గాజుబల్ల వెనక, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చునే వాచీ రిపేరు ఆయన దగ్గర గుండ్రటి అద్దాలు సైజులవారీగా ఉంటాయి. మామూలు ఆకారమైతే చిటికెలో పని. మార్పించేటప్పుడు నీరు చొరబడకుండా ఉండే రబ్బరు వాషరు కూడా కొత్తది వేయమని అడగండి. అది మర్చిపోతే మొదటి వానకే అద్దం లోపల ఆవిరి పడుతుంది. పగిలిన, పసుపుపచ్చగా మారిన ఆక్రిలిక్ మూతకూ ఇదే దారి.

సఫైర్ మీద గీతలు అరుదు. ఒకవేళ పడితే దాన్ని దిద్దేది వజ్రపు పొడి మాత్రమే. అది ఇంట్లో అయ్యే పని కాదు. పైగా కొన్ని సఫైర్ అద్దాలకు వెలుతురు మెరవకుండా సన్నటి పూత ఉంటుంది. చాలాసార్లు గీతలు పడేది రాయి మీద కాదు, ఆ పూత మీదే. అలాంటిదాన్ని పేస్టుతో రుద్దితే పూత మరకలు మరకలుగా లేచిపోతుంది. స్మార్ట్‌వాచీలకూ ఇదే హెచ్చరిక. వేలిముద్రలు పడకుండా వేసిన పొర పోతుంది, గీత మాత్రం ఉండిపోతుంది.

లోపలి రేడియంతో జాగ్రత్త

చీకట్లో మెరిసే అంకెలను మనవాళ్లు రేడియం అంటారు. ఇప్పటి వాచీల్లో ఉండేది రేడియం కాదు. కానీ 1960లకు ముందు తయారైన విదేశీ వాచీల్లో చాలావాటికి నిజమైన రేడియం రంగే వేసేవారు. మెరిసే గుణం ఎప్పుడో పోయి ఉంటుంది కానీ, రేడియం సగానికి తగ్గడానికే దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. అలాంటి ముత్తాతల నాటి వాచీ ఇంట్లో ఉంటే అద్దం పైనుంచి పాలిష్ చేయడం వరకే ఆగండి. మూత ఊడదీసి డయల్‌ను తుడవడం, గోకడం చేయొద్దు. ఆ పొడి ఊపిరితో లోపలికి వెళ్తే ప్రమాదం. దాన్ని తెలిసినవాళ్ల చేతికే ఇవ్వాలి.

ఇవి మాత్రం వాడొద్దు

• గిన్నెలు తోమే పొడి, పచ్చటి స్క్రబ్బర్: అంట్లకు బాగుంటాయి. వాటిలోని గరుకు ప్లాస్టిక్ అద్దాన్ని చీరేస్తుంది.

• బూడిద, ఊకబూడిద: ఊకబూడిదలో ఎక్కువభాగం సిలికాయే. పైగా రేణువులన్నీ ఒకే సైజులో ఉండవు. ఒక్క పెద్ద రేణువు చాలు, కొత్త గీత పడటానికి.

• చింతపండు, నిమ్మకాయ: ఇత్తడి బిందె మెరిసేది వాటిలోని పులుపు చిలుమును కరిగించడం వల్ల. గీత చిలుము కాదు. దాని మీద పులుపు పనిచేయదు, కేసు మాత్రం పాడవుతుంది.

• గోళ్ల రంగు తుడిచే ద్రావకం, స్పిరిట్, పెయింట్ థిన్నర్: ఆక్రిలిక్‌కు ఇవి విషం. తెల్లగా మారి, సన్నటి పగుళ్లు పడతాయి. అవి మళ్లీ పోవు.

ఎంత వరకు?

మెరుగు పెట్టిన ప్రతిసారీ అద్దం రవ్వంత అరుగుతుంది. ఆక్రిలిక్ మూత మందంగానే ఉంటుంది కాబట్టి ఏడాదికోసారి పేస్టు పట్టించినా ఇబ్బంది లేదు. వాటర్‌పేపర్ మాత్రం తప్పనిసరైతేనే. ఇక అద్దం తేటపడ్డాక చాలామందికి చెయ్యి ఊరుకోదు. అదే ఊపులో కేసునూ, డయల్‌నూ మెరిపించేద్దాం అనిపిస్తుంది. ఆగాల్సింది అక్కడే. హెచ్‌ఎంటీ వాచెస్ సంస్థ మూసివేతకు 2016లో కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. అంతకు చాలా ముందే, 1980ల్లో సీకో సహకారంతో మన హైదరాబాద్ ఆల్విన్ తయారుచేసిన వాచీలు కూడా జ్ఞాపకాల్లోకి వెళ్లిపోయాయి. అద్దం అరిగితే ఇంకోటి దొరుకుతుంది. పూత పోయిన కేసుకూ, అంకెలు చెరిగిన డయల్‌కూ అసలు బదులు దొరకడం కష్టం.

కేసు మీద నొక్కులు, డయల్ మీద వయసు మచ్చలు ఉంటే ఉండనివ్వండి. ముళ్లు కనిపిస్తే చాలు. రోజూ ఉదయం ఒకే వేళకు కీ ఇచ్చి, కొత్త బెల్టు వేయించి, ఇంట్లో దాన్ని పెట్టుకునేవాళ్లెవరో తేల్చుకోండి. అన్నదమ్ములు ఎక్కువమంది ఉంటే మాత్రం... అదొక్కటీ పేస్టుతో తేలే వ్యవహారం కాదు!